జూలైలో చర్చి టీమ్‌తో కెన్యా వెళ్తున్నా, దిగిన రోజు ఎలా ఉంటుంది?

డాలస్_చెల్లి:
అందరికీ వందనాలు. మా చర్చి నుంచి పన్నెండు మందిమి జూలైలో రెండు వారాలు కెన్యా వెళ్తున్నాం. నైరోబీలో దిగి ఒక రాత్రి ఉండి, మర్నాడు కిసుము. అక్కడ పిల్లలకి వీబీఎస్ (సెలవుల్లో పెట్టే బైబిల్ తరగతులు), సాయంత్రాలు ఇంటింటికీ వెళ్లి ప్రార్థనలు. అందరివీ అమెరికా పాస్‌పోర్టులు, నాదొక్కటే ఇండియన్, హెచ్‌1బీ. తిరిగి అమెరికా రావడానికి వీసా స్టాంపింగ్ వచ్చే ఏడాది దాకా ఉందిలెండి, కానీ ఇమిగ్రేషన్‌లో నన్ను పక్కన నిలబెడితే టీమంతా నాకోసం ఆగాలేమోనని టెన్షన్. తిరుగు ప్రయాణంలో అటు నుంచే హైదరాబాద్ వెళ్లి అమ్మావాళ్లని చూసి రావాలని కూడా ఉంది. ఇంకోటి, కిసుము చేరిన సాయంత్రమే నన్ను సాక్ష్యం (దేవుడు నా జీవితంలో చేసిన మేలు అందరి ముందు) చెప్పమంటున్నాడు మా లీడర్. అంత ప్రయాణం చేశాక నోట్లోంచి మాటొస్తుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

రెండుసార్లు_వెళ్లొచ్చా:
వందనాలు సిస్టర్. ఇమిగ్రేషన్ గురించి భయపడకండి. 2024 జనవరి నుంచి కెన్యాకి వీసా లేదు, ఆన్‌లైన్‌లో ఈటీఏ (ముందస్తు ప్రయాణ అనుమతి) తీసుకోవాలి, అది మీకూ కావాలి, అమెరికా వాళ్లకీ కావాలి. పిలిచిన చర్చి ఇచ్చిన లెటర్ ప్రింట్ ఒకటి చేతిలో ఉంచుకోండి, ఫోన్‌ని నమ్ముకోవద్దు.

మీరు అసలు చూసుకోవాల్సింది హైదరాబాద్ సంగతి. కెన్యా నుంచి నేరుగా ఇండియాలో దిగితే యెల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో పెట్టొచ్చు. టీకా వేయించుకున్న పది రోజులకి గానీ కార్డు చెల్లదు. ప్రతి ఫార్మసీలోనూ వేయరు కాబట్టి ఇప్పుడే క్లినిక్ వెతుక్కోండి.

స్వెటర్ పెట్టుకోండి. ఆఫ్రికా అంటే ఎండలే అనుకుని మొదటిసారి అన్నీ పల్చటి కాటన్ చుడీదార్లే సర్దుకెళ్లా. నైరోబీ దాదాపు 1,800 మీటర్ల ఎత్తులో ఉంటుంది, జూలై అక్కడ చలికాలం. పైగా మా ఇరవై మూడు పెట్టెల్లో ఒక్కటి రాలేదు, అది నాదే. బెల్టు ఆగిపోయేదాకా చూస్తూ నిలబడ్డా. ఆ రాత్రి పాస్టర్‌గారి భార్య తన కంగా (మన లుంగీలాంటి రంగుల గుడ్డ) తెచ్చి నా భుజాల మీద కప్పింది, రెండు రోజులు దాంతోనే గడిపా. ఒక జత బట్టలు చేతి సంచిలోనే పెట్టుకోండి. ప్లాస్టిక్ కవర్లు మాత్రం తీసుకెళ్లొద్దు, 2017 నుంచి అక్కడ నిషేధం. వీబీఎస్ బహుమతులన్నీ మేం కవర్లలోనే కట్టి తీసుకెళ్లి, దిగేముందు కూర్చుని విప్పుకున్నాం.

తిండికి ఇబ్బంది లేదు. ఉగాలి అంటే మన సంగటే, కాకపోతే తెల్ల మొక్కజొన్న పిండితో. పక్కన ఆకుకూర పెడతారు. నాకైతే ఊరగాయ లేని లోటు తప్ప ఇంకేం లేదు.

నర్స్_అక్క:
అమ్మాయీ, మలేరియా మాత్రలు మర్చిపోకు. నైరోబీలో మలేరియా తక్కువే గానీ కిసుము విక్టోరియా సరస్సు ఒడ్డున ఉంది, అక్కడ బాగా ఎక్కువ. వెళ్లకముందే మొదలుపెట్టాలి, వచ్చాక కూడా కొన్నాళ్లు వాడాలి, ఎన్నాళ్లన్నది మాత్రని బట్టి ఉంటుంది, డాక్టర్ని అడుగు. ఇంటికొచ్చేశాంలే అని మానేసేవాళ్లే ఎక్కువ.

గుంటూరోడు:
నేను అటువైపు నుంచి చెప్తా, అంటే టీమ్‌ల కోసం ఎదురుచూసిన వైపు నుంచి. చిన్నప్పుడు మా ఊరికి అమెరికా దొరలు వచ్చేవాళ్లు. నాలుగింటికే పిల్లల్ని చాపల మీద కూర్చోబెట్టేవాళ్లు, వాళ్లు దిగేసరికి ఎనిమిది. ఆకలితో సగం మంది నిద్రపోయేవాళ్లం. లేపి పాట పాడించి, చాక్లెట్ ఇచ్చి ఫొటో తీసుకునేవాళ్లు. ఒక ఏడాది మాత్రం ఒకావిడ ఏ ప్రసంగమూ చేయకుండా మా అమ్మ పక్కన పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచింది. తెలుగు ఒక్క ముక్క రాదు. అమ్మ ఇప్పటికీ తలుచుకునేది ఆవిణ్ణే. మా చర్చిలో ప్రతి జూలై 31న, 1842లో అమెరికా లూథరన్ మిషనరీ హయ్యర్ గారు గుంటూరు వచ్చిన రోజని ఆరాధన పెడతారు, అయితే ఆయనేమీ రెండు వారాలకి రిటర్న్ టికెట్ తీసుకుని రాలేదు కదా. అందుకని సాక్ష్యం రెండో రోజుకి పెట్టమని అడగండి చెల్లీ. మొదటి సాయంత్రం లేచి అక్కడి స్వాహిలీ భాషలో ‘బ్వానా అసిఫివే’ అనండి, మన ‘ప్రభువుకు స్తోత్రం’ లాగే, అందరూ ఆమెన్ అంటారు. కూర్చోండి. చాలు.

డాలస్_చెల్లి:
అందరికీ థాంక్స్. టీకాకి సోమవారం అపాయింట్‌మెంట్ దొరికింది. లీడర్‌తో మాట్లాడా, ముందు మొహం మాడ్చుకున్నాడు గానీ అక్కడి పాస్టర్‌గారిని అడిగితే ఆయన కూడా ‘మొదటి రోజు తిని పడుకోండి’ అన్నారట. గుంటూరు అన్నయ్యా, కిసుములో చిక్కుడుకాయలు దొరుకుతాయో లేదో గానీ, ఆకుకూర తరగడానికి నేను రెడీ.