మోటుపల్లి ఒక్కరోజులో: చీరాలలో దిగాలా, చినగంజాంలోనా?

విజయవాడ నుంచి పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చేలా, ఒకప్పటి ఓడరేవు మోటుపల్లి చూసొచ్చే ప్లాన్. ముఖ్యంగా చూడాల్సింది వీరభద్రస్వామి గుడిలోని కాకతీయ రాజు గణపతిదేవుని అభయ శాసనం (1244-45). ఓడ పగిలి ఒడ్డుకు చేరిన సరుకును రాజులు లాక్కునే పద్ధతి మానేసి, ఎగుమతి దిగుమతులపై ముప్పయ్యో వంతు సుంకం మాత్రమే తీసుకుంటామన్న శాసనం అది.

ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కువగా ఆగేది చీరాలలో. చినగంజాం దగ్గరే కానీ ప్యాసింజర్ తప్పితే తిప్పలు. చీరాల నుంచి రానూపోనూ ఆటో, రెండు గంటల వెయిటింగ్‌తో ఎంత అడుగుతున్నారు? గుడి మధ్యాహ్నం మూసేస్తారా? చెక్కిన అక్షరాలు ఏటవాలు వెలుగులోనే తేలతాయి, నడినెత్తిన ఎండలో ఫోటో చదునుగా వస్తుంది. అందుకే తొమ్మిదిలోపు చేరాలని. టార్చి పక్కనుంచి వేస్తే అభ్యంతరం చెబుతారా? వాన పడితే సముద్రం వైపు దారిలో ఆటో దిగబడుతుందా?