పాత ఐసీడీ-9 కోడ్ మార్చేటప్పుడు కన్వర్టర్‌ను నమ్మాలా, డాక్టర్ నోట్‌ను నమ్మాలా?

ప్రశ్న (నల్గొండ):
నమస్కారమండీ. నేను మెడికల్ కోడింగ్ (డాక్టర్ రాసిన జబ్బులకు ప్రామాణిక కోడ్‌లు వేసే పని) శిక్షణ తీసుకుంటున్నాను. సాధన కోసం ఇచ్చిన ఒక అమెరికా చార్టులో 715.96 అనే పాత ఐసీడీ-9 కోడ్ ఉంది (ఐసీడీ అంటే జబ్బులకు కోడ్‌లిచ్చే అంతర్జాతీయ వర్గీకరణ). పాత కోడ్‌ను ఐసీడీ-10 కోడ్‌గా మార్చే కన్వర్టర్‌లో వేస్తే ఎం17.9 వచ్చింది, కానీ నోట్‌లో కుడి మోకాలికి ప్రైమరీ ఆస్టియో ఆర్థరైటిస్ (వేరే జబ్బు వల్ల కాకుండా వచ్చిన కీళ్ల అరుగుదల) అని స్పష్టంగా ఉంది. ఏది వేయాలి? అలాగే, మన జిల్లాను దశాబ్దాలుగా పీడించిన ఎముకల ఫ్లోరోసిస్‌కు (నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చే జబ్బు) ఎం85.1 అని ఒక పట్టికలో చూశాను, సాఫ్ట్‌వేర్ మాత్రం అది చెల్లదంటోంది. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు (మహబూబ్‌నగర్):
నోట్ చేతిలో ఉండగా కన్వర్టర్ జోలికి వెళ్లకండి. సరైన కోడ్ ఎం17.11. పాత కోడ్‌లో కుడా ఎడమా అన్నది గానీ, ప్రైమరీయా కాదా అన్నది గానీ లేదు కాబట్టి, లేని సమాచారాన్ని పుట్టించలేక పట్టిక ఎం17.9 దగ్గరే ఆగిపోతుంది. అమెరికాలో 2015 అక్టోబరు 1న ఐసీడీ-10-సీఎం (ఐసీడీ-10కు అమెరికా రూపం) అమల్లోకి వచ్చినప్పుడు, అప్పటిదాకా దాదాపు 14,000 ఉన్న రోగనిర్ధారణ కోడ్‌లు దాదాపు 68,000 అయ్యాయి. అన్నిటికీ ఒకదానికొకటి జత కుదరదు, అందుకే అక్కడి ప్రభుత్వం పాత, కొత్త కోడ్‌లను జతపరుస్తూ విడుదల చేసిన జెమ్స్ పట్టికల్లో చాలా జతలకు ఉజ్జాయింపు అనే గుర్తు ఉంటుంది. పాత, కొత్త గణాంకాలను పోల్చడానికి ఆ పట్టికలు బాగా పనికొస్తాయి. చార్టుకైతే ముందు కోడ్ పుస్తకంలోని ఇండెక్స్‌లో (జబ్బు పేర్ల జాబితా) వెతికి, తర్వాత టాబ్యులర్ లిస్ట్‌లో (కోడ్‌ల వరుస జాబితా) సరిచూసుకోవాలి. చార్టే దొరకనప్పుడు ఎం17.9 రాసి, పక్క గడిలో 715.96ను కూడా తప్పక ఉంచండి.

జవాబు (మునుగోడు):
ఎం85.1 ప్రపంచ ఆరోగ్య సంస్థ వారి ఐసీడీ-10లోనిది, అక్కడ అంతవరకే చాలు. అమెరికా వారి ఐసీడీ-10-సీఎంలో అది శీర్షిక మాత్రమే, ఏ ఎముకో చెప్పే అంకెలు దానికి చేరాలి. కుడి భుజమైతే ఎం85.111, పలుచోట్ల ఉంటే ఎం85.19, చోటు రాయకపోతే ఎం85.10. పళ్ల ఫ్లోరోసిస్‌కు కె00.3 వేరుగా ఉంది.

ఒక్క జాగ్రత్త తీసుకోండి. రోగిది ఫ్లోరైడ్ పీడిత మర్రిగూడ అని, నడుం వంగిపోయిందని చూసి మనంతట మనం ఫ్లోరోసిస్ అని తేల్చకూడదు. ఓపీ నోట్‌లో డాక్టర్ "ఫ్లోరోసిస్ కావచ్చు" అని రాస్తే, ఐసీడీ-10-సీఎం మార్గదర్శకాల ప్రకారం ఆ జబ్బుకు కోడ్ వేయరాదు, కనిపించిన లక్షణానికే వేయాలి. నడుం నొప్పికైతే ఎం54.50 వస్తుంది, పాత ఎం54.5 2021 అక్టోబరు 1 నుంచి చెల్లడం లేదు. మనవాళ్ల బాధ లెక్కల్లోకి ఎక్కాలని నాకూ గట్టిగా ఉంది, కానీ డాక్టర్ తేల్చి రాస్తేనే ఆ లెక్క నిలబడుతుంది.

ప్రశ్నించినవారు:
ధన్యవాదాలండీ. ఒకే నోట్‌లో ఫ్లోరోసిస్‌, రెండు మోకాళ్ల ఆర్థరైటిస్ కలిసి ఉంటే?

జవాబు (మునుగోడు):
రెండింటికీ కోడ్ వేయాలి. మోకాళ్లది ప్రైమరీ అయితే ఎం17.0, ఫ్లోరోసిస్ వల్ల వచ్చిందని డాక్టర్ రాస్తే సెకండరీ కింద ఎం17.4 వస్తుంది. నోట్‌లో తేలకపోతే డాక్టర్‌కు క్వెరీ (వివరణ కోరే ప్రశ్న) పంపి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే చార్టు మూయండి.