సొంతంగా కట్టించిన ట్రాక్టర్ ట్రక్కుకి రిజిస్ట్రేషన్ అవుతుందా?

మిర్చి_రైతు: అన్నా, మాది పల్నాడు వైపు. పాత ట్రక్కు అడుగు రేకు తుప్పు పట్టిపోయింది, మిర్చి టిక్కీలు వేస్తే ఎక్కడ ఊడిపోతుందో అని భయమేసి మా ఊరి వెల్డింగ్ షాపులో కొత్తది కట్టించాను. ఛానల్, రేకు కొత్తవే, యాక్సిల్ మాత్రం సెకండ్ హ్యాండ్‌ది. తీరా ఆర్టీఓ ఆఫీసుకి తీసుకెళితే బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చుట్టూ ఒకసారి తిరిగి చూసి ఫారం 22 ఏదయ్యా అన్నాడు. ట్రాక్టర్‌కి ఆర్‌సీ ఉంది కదా, వెనక తగిలించేదానికి మళ్లీ ఎందుకు? ఏజెంటేమో ఎక్కడో ఒక బిల్లు సర్దుతానంటున్నాడు. డబ్బులిచ్చేయమంటారా?

గేర్‌బాక్స్: ఇవ్వొద్దు. మోటారు వాహనాల చట్టం లెక్కలో ట్రక్కు కూడా ఒక వాహనమే, అందుకే ఇంజనుకి, అంటే ట్రాక్టర్‌కి, ఒక నంబరు, ట్రక్కుకి ఇంకో నంబరు ఉంటాయి. ఫారం 20 రిజిస్ట్రేషన్ దరఖాస్తు, అది మీరు రాసుకుంటారు, 21 అమ్మకం సర్టిఫికెట్, అమ్మినవాడిస్తాడు, 22 అంటే బండి నిబంధనల ప్రకారం ఉందనే సర్టిఫికెట్, దానికి మాత్రం తయారుచేసినవాడే సంతకం పెట్టాలి. 1989 కేంద్ర మోటారు వాహనాల రూల్స్‌లో 126 ప్రకారం ఆ తయారీదారు ముందు ఒక నమూనా బండిని పుణెలో ఏఆర్ఏఐ లాంటి, బండ్లని పరీక్షించే సంస్థలో టెస్టు చేయించి పాసవ్వాలి. మీ మేస్త్రీ వెల్డింగ్ ఎంత గట్టిగా ఉన్నా ఆ కాగితం ఆయన చేతిలో లేదు. ఒక్క ట్రక్కు కోసం టెస్టుకి పంపడమంటే ట్రక్కు కన్నా ఖర్చే ఎక్కువవుతుంది.

మిర్చి_రైతు: పోనీ రోడ్డెక్కకుండా పొలంలోనే తిప్పుకుంటే?

గేర్‌బాక్స్: అందరూ అనుకునేదే. కానీ అదే చట్టం సెక్షన్ 39లో రిజిస్ట్రేషన్ లేని బండిని పబ్లిక్ ప్లేసులో గానీ, మరెక్కడైనా గానీ నడపకూడదనే రాసుంది.

కాలవగట్టు: ఆ సర్దుబాటు బిల్లు మా బంధువొకాయన చేయించాడు, అనుభవంతో చెబుతున్నా. కాగితం మీద ఒక ఛాసిస్ నంబరు, బండి మీద ఇంకోటి. యాక్సిడెంటు అయ్యేదాకా ఎవరూ అడగలేదు, అయ్యాక ఇన్సూరెన్సువాళ్లు మొదట చూసిందే అది, ఇప్పుడు కోర్టు చుట్టూ తిరుగుతున్నాడు. ఇంకోటి, పాలసీలో ట్రక్కు నంబరు కూడా ఉందో లేదో చూసుకోండి, చాలామంది ఇంజనుకి మాత్రమే కట్టి ఊరుకుంటారు. కూలీలని ట్రక్కులో ఎక్కించుకోవద్దు కూడా, మనం మానమనుకోండి.

లేత్_మేస్త్రీ: తమ్ముడూ, పాత ట్రక్కుకి ఆర్‌సీ ఉందా? ఉంటే దాని ఛాసిస్ ఎలా ఉందో ముందు చెప్పు. అడుగు రేకు, సైడ్ డోర్లు పోతే అదే కొలతల్లో కొత్తవి వేయించుకోవడం రిపేరే. పొడవు, వెడల్పు, ఎత్తు పెంచితేనే తంటా, అది మార్పు కిందకొస్తుంది, సెక్షన్ 52 పట్టుకుంటారు. నంబరు పంచ్ చేసిన ఛానల్ మాత్రం ముట్టుకోకు. దాన్ని కోసి కొత్తదానికి అతికిద్దామని ఎవడైనా సలహా ఇస్తే అక్కణ్ణుంచి వచ్చెయ్, అది కేసు.

మిర్చి_రైతు: ఆర్‌సీ ఉందన్నా, మా నాన్న పేరు మీద. పాతది దొడ్లో చింతచెట్టు కింద పడేసి ఉంది, దాని మీద కోళ్లు పడుకుంటున్నాయి. కొత్తది అర అడుగు పొడుగు కట్టించా, పాతదానికి సరిపోవాలంటే రేకు కోయించాలేమో. పొద్దున్నే తుప్పు గీకి నంబరు కనబడుతుందో లేదో చూసి చెబుతా.