పాత స్మార్ట్‌ఫోన్లను ఇంటి అవసరాలకు ఎలా వాడుకోవచ్చు?

అందరికీ నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలోని కవిటి మండలం. మా ఇంట్లో పక్కన పెట్టేసిన స్మార్ట్‌ఫోన్లు మూడు ఉన్నాయి. వాటిని తుక్కు కొనేవారికి ఇచ్చేయడానికి నాకు మనసొప్పడం లేదు.

2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు కరెంటూ సిగ్నలూ లేక బయటి వార్తలు తెలియక అల్లాడిపోయాం. ఎఫ్‌ఎం ఉన్న ఫోన్‌కు ఇయర్‌ఫోన్ తీగే యాంటెన్నాగా పనిచేస్తుంది కనుక, ఒకదాన్ని రేడియోగా అమ్మకు అప్పగిస్తాను.

అంచున తెర పగిలిన రెండోదాన్ని జీడిపిక్కలు ఆరబోసే కళ్లం వైపు కెమెరాగా పెట్టాలని ఉంది. నా ప్రధాన సందేహం ఇక్కడే. రేకుల కప్పు కింద, ఆ వేడిలో, రాత్రింబగళ్లు చార్జరుకే తగిలించి ఉంచితే లిథియం బ్యాటరీ ఉబ్బే ప్రమాదం ఉంది. టైమర్ ప్లగ్గు పెట్టి కొన్ని గంటలే చార్జి చేస్తే సరిపోతుందా? బ్యాటరీ తీసేసి నేరుగా కరెంటుతో నడిపినవారు ఎవరైనా ఉంటే, ఎలా చేశారో దయచేసి వివరంగా చెప్పండి. ఇంటర్నెట్ లేకుండా, ఇంటి వైఫై మీదే దృశ్యం చూపించే యాప్ ఏదైనా మీరు వాడుతున్నారా?

మూడో ఫోన్ వెనక మూత ఇప్పటికే లేచింది కాబట్టి దాన్ని వాడను. ఉబ్బిన బ్యాటరీని చెత్తబండిలో వేయకూడదు కనుక, శ్రీకాకుళంలో గానీ పలాసలో గానీ ఎక్కడ తీసుకుంటారో తెలిసినవారు చెప్పగలరా?