పాత పనస చెట్లు కొట్టించి తోటంతా సిల్వర్ ఓక్ వేయడం మంచిదేనా?

పెదబయలు రైతుబిడ్డ:

అందరికీ నమస్కారం. మాది అల్లూరి సీతారామరాజు జిల్లా పెదబయలు మండలం. ఇంటికి ఎగువన కొండవాలులో మాకు రెండెకరాల అరబికా కాఫీ తోట ఉంది. మొక్కలు వేసి పదకొండేళ్లయింది. తోటలో తాతల నాటి పనస చెట్లు ఏడు, మామిడి రెండు, ఒక నేరేడు, గెడ్డ (కొండవాగు) పక్కన ఒక మేడి ఉన్నాయి. మిగతా నీడ అంతా కాఫీతో పాటు వేసిన సిల్వర్ ఓక్ చెట్లదే.

రెండేళ్లుగా పనసల కింది వరుసల్లో కాపు బాగా తగ్గింది. మొక్కలు పొడవుగా సాగి ఆకు మాత్రమే వేస్తున్నాయి. అందుచేత పెద్ద చెట్లన్నీ కొట్టించి ఆ చోట సిల్వర్ ఓక్ వేసి మిరియాలు పాకిద్దామని నాన్నగారు అంటున్నారు. కలప వ్యాపారి ఒకరు వచ్చి చెట్లు చూసి, బయానా కూడా ఇస్తానన్నారు. నాకు మనసొప్పడం లేదు గాని, కాపు తగ్గిన మాట నిజం కాబట్టి నాన్నగారికి ఏమని చెప్పాలో తెలియడం లేదు. తోట పై అంచును ఆనుకుని ఉన్న అర ఎకరం అడవిని కూడా శుభ్రం చేసి కాఫీ వేద్దామన్న ఆలోచన ఇంట్లో ఉంది. అనుభవం ఉన్నవారు దయచేసి సలహా ఇవ్వగలరు.

చింతపల్లి కాఫీ రైతు:

తమ్ముడూ, బయానా మాత్రం తీసుకోవద్దని నాన్నగారికి ముందు చెప్పు. మా తోటలో జరిగినది చెబుతాను.

మా తోట పై భాగంలో అన్నీ సిల్వర్ ఓక్ చెట్లే ఉండేవి, కింది భాగంలో పనస, మామిడి, కరక్కాయ కలిసి ఉండేవి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చిన రాత్రి పై భాగంలోని సిల్వర్ ఓక్ చెట్లు వరుసలు వరుసలుగా విరిగి కాఫీ మీద పడ్డాయి. కింది భాగంలో కొమ్మలు విరిగాయి గాని చెట్లు నిలబడ్డాయి. అసలు నష్టం ఆ తరువాత మొదలైంది. నీడ పోయిన పై భాగంలో ఎండ నేరుగా కాఫీ కాండాల మీద పడింది, రెండు మూడేళ్లలో తెల్ల కాండం తొలుచు పురుగు ఆ భాగమంతా పట్టేసింది. ఆకులు పసుపు పచ్చగా మారి వాలిపోతున్న మొక్కను పట్టుకుని కాండం మీద చెయ్యి పెట్టి తడిమితే, లోపల పురుగు తిరిగిన దారి బెరడు మీద గట్టులా చేతికి తగిలేది. అలాంటి మొక్కలను వేళ్లతో సహా పీకి కాల్చడం తప్ప వేరే దారి లేదు. ఎండ తగిలి వెచ్చగా ఉన్న కాండం మీద, బెరడు పగుళ్లలో ఆ పురుగు గుడ్లు పెడుతుంది. కింది భాగంలోనూ కొన్ని మొక్కలు పోయాయి, కానీ పై భాగంతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

పొడవైన చెట్లు ఒకే రకంగా, ఒకే వయసులో ఉంటే గాలికి అన్నీ కలిసే పడతాయి. మీ నాన్నగారు చేయాలనుకుంటున్నది సరిగ్గా అదే.

విశ్రాంత క్షేత్ర సహాయకుడు:

బాబూ, మీరు రాసిన లక్షణాలను బట్టి కాపు తగ్గడానికి నీడ మరీ చిక్కబడడం ఒక కారణమే, కానీ అదొక్కటే కాకపోవచ్చు. మొక్కల తలలు 5 అడుగుల దగ్గర తుంచారా? కాండం నుంచి నిటారుగా లేచే పిలకలను ఏటా తీసేస్తున్నారా? పదకొండేళ్ల మొక్కను కత్తిరించకుండా వదిలేస్తే, నీడ ఎలా ఉన్నా అది పైకే సాగుతుంది తప్ప కాయదు. ముందుగా ఈ పని చేసి ఒక పంట చూడండి.

ఇక పనసల సంగతి. చెట్టును కొట్టవద్దు, కొమ్మలు కొట్టండి. కాఫీ మొక్క తలకూ పనస అడుగు కొమ్మకూ మధ్య 20 నుంచి 30 అడుగుల ఖాళీ ఉండేలా కింది కొమ్మలను, ఒకదానికొకటి అల్లుకున్న లోపలి కొమ్మలను తీయించండి. మిట్టమధ్యాహ్నం తోటలో నిలబడి నేలను చూడండి. ఎండా నీడా చుక్కలు చుక్కలుగా కలిసి, గాలికి కదులుతూ కనిపిస్తే నీడ సరిపోయిందని అర్థం. ఎక్కడా వెలుగు చుక్క లేకపోతే ఎక్కువైందని, నేల మీద పెద్ద పెద్ద ఎండ మడుగులు కనబడితే తక్కువైందని తెలుసుకోవచ్చు.

కాలం కూడా ముఖ్యమే. మార్చి, ఏప్రిల్ నెలల్లో తొలి జల్లు పడిన తొమ్మిది పది రోజులకు పూత విప్పుతుంది. ఆ ఎండల్లో నీడ చాలా అవసరం కనుక అప్పుడు గొడ్డలి పట్టవద్దు. పూత నిలిచి, వానలు పట్టే ముందు కొమ్మలు కొట్టిస్తే వర్షాకాలమంతా తోటకు వెలుతురు, గాలి అందుతాయి, కుళ్లు తెగుళ్లు తగ్గుతాయి. కొట్టిన కొమ్మల ఆకును వరుసల మధ్య పరచండి. ఏప్రిల్‌లో పనస కింద ఆకు తొలగించి చూస్తే మట్టి ఇంకా నల్లగా, చల్లగా, వానపాములతో ఉంటుంది. సిల్వర్ ఓక్ ఆకు మాత్రం పెళుసుగా ఎండి ఎన్నో నెలలు అలాగే పడి ఉంటుంది.

కాండం తొలుచు పురుగు రెక్కలు తొడిగి బయటికి వచ్చేది ఏప్రిల్, మే నెలల్లో ఒకసారి, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు మరోసారి. దానికి ముందే వదులైన బెరడును గోనెపట్టాతో రుద్ది, 10 శాతం సున్నపు నీళ్లు కాండానికి పట్టించండి. కత్తితో మాత్రం గీకవద్దు.

అనంతగిరి మిరియాల తోట:

పెద్దలు చెప్పినదంతా నిజమే అయినా, సిల్వర్ ఓక్ విషయంలో ఒక మాట చెప్పడం న్యాయం. అది నిటారుగా, త్వరగా పెరుగుతుంది, మిరియం పాదు పాకడానికి అనువైన చెట్టు. కాఫీ ధర పడిపోయిన సంవత్సరాల్లో మా ఇల్లు నడిచింది మిరియాలతోనే. పోడు వదిలి బోడి కొండల మీద కాఫీ వేసిన ఎందరికో త్వరగా నీడనిచ్చినదీ ఆ చెట్టే. కాబట్టి ఉన్న సిల్వర్ ఓక్‌ను ఉంచండి, ఖాళీలు ఉన్న చోట ఇంకా వేయండి. దాని కోసం వందేళ్ల పనసను కొట్టవలసిన అవసరం మాత్రం లేదు. మిరియం పనస మీద కూడా చక్కగా పాకుతుంది. ఒక చెట్టుకు రెండు తీగలు పాకించి చూపిస్తే నాన్నగారికి నమ్మకం కుదరవచ్చు.

పెదబయలు రైతుబిడ్డ:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. తలలు ఒకసారి తుంచాము గాని పిలకలు తీసి మూడేళ్లు దాటింది. ఆ పొరపాటు నాదే. పై అంచున ఉన్న అర ఎకరం గురించి కూడా ఎవరైనా చెప్పగలరా?

చింతపల్లి కాఫీ రైతు:

దాన్ని అసలు ముట్టుకోవద్దు తమ్ముడూ. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం సాగు భూమికి హక్కు రావాలంటే అది 2005 డిసెంబరు 13 నాటికే మన సాగులో ఉండాలి. ఇప్పుడు కొత్తగా కొట్టిన నేలకు పట్టా రాదు సరికదా, కేసు వస్తుంది. ఇంకొకటి, 2020 డిసెంబరు 31 తరువాత అడవి నరికిన నేలలో పండిన కాఫీని తమ మార్కెట్లోకి రానివ్వకూడదని యూరప్ దేశాలు 2023లో చట్టం చేశాయి. మన దేశపు కాఫీలో పెద్ద భాగం వెళ్లేది అక్కడికే. 2019లో భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్న అరకు కాఫీకి ఆ దారి మూసుకుపోతే నష్టపోయేది మనమే.

చట్టం మాట పక్కన పెట్టినా, మీ గెడ్డలో వేసవి నీరు ఆ పై అడవి నుంచే దిగుతుంది. పండ్లు పల్పింగ్ చేసి (తొక్క తీసి) కడగడానికి మీకు నీరు కావాలి కదా. నవంబరు నుంచి జనవరి దాకా కోత నడిచినన్నాళ్లూ ఆ గెడ్డ పారాలి. పల్పింగ్ చేసిన పులుపు నీటిని మాత్రం తిరిగి అందులోకి వదలకుండా దూరంగా గుంట తీసి ఇంకించండి, దిగువ ఊరివాళ్లు తాగేది ఆ నీళ్లే.

పెదబయలు రైతుబిడ్డ:

నిన్న నాన్నగారిని మధ్యాహ్నం వేళ తోటలోకి తీసుకువెళ్లి నేల చూపించాను. పనసల కింద ఒక్క వెలుగు చుక్క కూడా లేదు. ఆయన చాలాసేపు పైకి చూసి, ఏ కొమ్మలు తీయాలో కర్రతో తానే చూపించారు. వ్యాపారికి వద్దని కబురు చేశాము. ఈ వారం పిలకలు తీయడం మొదలుపెడుతున్నాను, కొమ్మలు మాత్రం పూత నిలిచాకే కొట్టిస్తాము.