ముక్కు దూలం వంకర, సైనస్: ఆపరేషన్ చేయించుకోవాలా, వద్దా?

కాకినాడ కుర్రాడు:
ఏడాది దాటింది, ముక్కు ఒకవైపు మూసుకునే ఉంటోంది. నుదుటి దగ్గర బరువు, రాత్రంతా నోటితోనే ఊపిరి. సీటీ స్కాన్ చూసి డాక్టరుగారు దూలం వంకర ఉంది, సైనస్‌లలో, అంటే ముక్కు చుట్టూ ఎముకల్లో ఉండే గాలి గదుల్లో, కాస్త వాపు కూడా ఉంది, రెండూ ఒకేసారి సరిచేద్దాం అన్నారు. ఇంట్లోవాళ్లేమో "ముక్కు ఆపరేషన్ చేయించినా మళ్లీ వస్తుంది, డబ్బు దండగ" అంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి, టెన్షన్‌గా ఉంది.

పాతబస్తీ శ్రీను:
ఇంట్లోవాళ్ల మాటే వినండి తమ్ముడూ. మా బావగారికి ముక్కులో కండ పెరిగితే తీయించారు. రెండేళ్లు తిరక్కుండానే మళ్లీ పెరిగింది, మళ్లీ థియేటర్‌కి తీసుకెళ్లారు. వాసన ఇప్పటికీ సరిగ్గా తెలియదు ఆయనకి. తిరిగొచ్చే జబ్బుకి కోత ఎందుకు?

ఈఎన్‌టీ వార్డు అక్క:
శ్రీను గారూ, బావగారి జబ్బూ ఈ అబ్బాయి జబ్బూ ఒకటి కాదు. దూలం అంటే రెండు ముక్కు రంధ్రాల మధ్య గోడ, ఎముక, మృదులాస్థితో ఉంటుంది. అది వంగి దారి మూస్తే ఏ స్ప్రే దాన్ని నిటారు చేయలేదు. ఒకసారి సరిచేస్తే చాలామందిలో అలాగే నిలుస్తుంది. బావగారికి పెరిగిన కండని పాలిప్స్ అంటారు, అవి లోపలి పొర వాపు వల్ల వచ్చేవి. కండ తీసినా పొర అదే ఉంటుంది కదా. ఆస్తమా ఉన్నవాళ్లలో, ఆస్పిరిన్ పడనివాళ్లలో ఇంకా త్వరగా తిరిగొస్తాయి.

దూలం విషయంలో బ్రిటన్‌లో 378 మందితో చేసిన పరిశోధన 2023లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. కొందరికి ఆపరేషన్, మిగతావాళ్లకి ఆరు నెలలు సెలైన్, స్టెరాయిడ్ స్ప్రేలు. ఆరు నెలలకి చూస్తే ఆపరేషన్ అయినవాళ్లకే బాధ బాగా తగ్గింది. అయితే వాళ్లంతా గాలి ఆడక ఇబ్బంది పడుతున్నవాళ్లు. ఏ బాధా లేకుండా స్కాన్‌లో వంకర కనిపించిందని కోయించుకోవడానికి అది ఆధారం కాదు. అసలు పూర్తిగా నిటారు దూలం ఉన్నవాళ్లే తక్కువ.

సైనస్ దారి వేరు. బాధలు 12 వారాలు దాటితేనే దీర్ఘకాలిక సైనసైటిస్ అంటారు. అప్పుడు కూడా ముందు మందు: స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో కడగడం, క్రమం తప్పకుండా కొన్ని నెలలు. తగ్గకపోతేనే ఫెస్, అంటే ముక్కు రంధ్రంలోంచి ఎండోస్కోప్ అనే సన్నని కెమెరా గొట్టంతో చేసే సైనస్ ఆపరేషన్. పూర్వం పై పెదవి కింద కోసి బుగ్గ సైనస్‌కి వేరే కన్నం పెట్టేవారు. పొర మీది సన్నని రోమాలు చీమిడిని ఎప్పుడూ సహజ ద్వారం వైపే తోస్తాయని ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో మెసర్‌క్లింగర్ అనే డాక్టరు చూపించారు. కొత్త కన్నం ఉన్నా చీమిడి పాత దారికే పోతుందన్నమాట. అందుకే ఇప్పుడు ఎండోస్కోప్‌తో ఆ సహజ ద్వారాన్నే తెరుస్తారు. అలా తెరిస్తే కడిగే నీళ్లూ మందూ లోపలిదాకా చేరతాయి. పాలిప్స్ ఉన్నవాళ్లు ఆపరేషన్ అయిపోయిందని స్ప్రే మానేస్తే అవి తిరిగి పెరిగే అవకాశం ఎక్కువ.

పాతబస్తీ శ్రీను:
ఈ మాట మా బావగారికి ముందే ఎవరూ చెప్పలేదమ్మా. "క్లీన్ చేసేస్తాం, ఇక సమస్య ఉండదు" అన్నారు. అది మోసం కాదా? పైగా ఆరు నెలలకి చూసి బాగుంది అంటే సరిపోతుందా? ముక్కు జీవితాంతం పనిచేయాలి. లోపలి కండలు ఎక్కువ కోసేస్తే ముక్కు ఖాళీగా ఉన్నా గాలి ఆడనట్టే అనిపిస్తుందట, అదీ చదివాను.

ఈఎన్‌టీ వార్డు అక్క:
ముందే చెప్పకపోవడం తప్పే, అందులో మీతోనే ఉన్నాను. మీరన్న ఆ లోపలి కండల్ని టర్బినేట్లు అంటారు, వాటిని అతిగా కోస్తే ఆ బాధ రావచ్చు, అందుకే మంచి సర్జన్లు వాటిని వీలైనంత కాపాడతారు. ఆరు నెలల సంగతికొస్తే, నెదర్లాండ్స్‌లో 203 మందిని రెండేళ్లు గమనించారు. 2019లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. దూలం ఆపరేషన్ లాభం రెండేళ్లకీ నిలిచింది.

డాలస్ తెలుగోడు:
నాకు పాలిప్స్, ఆస్తమా రెండూ. ఆపరేషన్ తర్వాత కూడా పెరగడంతో ఇక్కడ డ్యుపిలుమాబ్ ఇంజెక్షన్ రాశారు. పాలిప్స్‌కి దీన్ని అమెరికాలో 2019లో అనుమతించారు. రెండు వారాలకోసారి వేసుకోవాలి, ఖర్చు చాలా ఎక్కువ. నాకు వాసన తిరిగొచ్చింది. కానీ ఆపేస్తే పాలిప్స్ మళ్లీ రావచ్చన్నారు.

కోఠి మెడికల్ షాపు:
ముక్కు తెరిచే చుక్కలు, ఆ జైలోమెటజోలిన్ రకం, నెలల తరబడి కొనేవాళ్లని రోజూ చూస్తున్నా. వారం మించి వాడొద్దు, చుక్కల వల్లే దిబ్బడ ముదురుతుంది. కడిగే నీళ్లు కాచి చల్లార్చినవే అయి ఉండాలి. ఇంకోటి, మందులతో కొన్నాళ్లు చూద్దాం అనే మాట అందరికీ కాదు. 2021లో బ్లాక్ ఫంగస్ కేసులతో మా కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది. షుగర్ ఉన్నవాళ్లకి ముఖం ఒకవైపు వాచినా, ముక్కులో నల్లటి పక్కు కట్టినా, చూపు రెండుగా కనిపించినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

కాకినాడ కుర్రాడు:
షుగర్ లేదండి. నేను ఇంతవరకు స్ప్రే సరిగ్గా వాడనేలేదు. అక్కా, ఆపరేషన్ చేస్తే నుదుటి బరువు కూడా పోతుందా?

ఈఎన్‌టీ వార్డు అక్క:
ఆ హామీ ఎవరిచ్చినా నమ్మకు తమ్ముడూ. సైనస్ తలనొప్పి అనుకున్నది చాలాసార్లు మైగ్రేన్ అని తేలుతుంది, దానికి ముక్కు కోస్తే లాభం లేదు. స్ప్రే, కడగడం క్రమంగా చేసి మళ్లీ డాక్టరుకి చూపించుకో. సైనస్ వాపు తగ్గి, ముక్కు మాత్రం మూసుకునే ఉంటే దూలం ఒక్కటే సరిచేస్తే చాలేమో ఆయన్నే అడుగు.