పాత దెయ్యం సినిమాలు, సీరియళ్ళు ఇప్పుడు చూసినా పనిచేసేవి ఏవి?

గోదారిగట్టు:
మా అమ్మాయి ఇంటర్ చదువుతోంది. దెయ్యాల సినిమాలంటే దానికి పిచ్చి. కొరియావి, థాయ్‌లాండ్‌వి, ఏవేవో వెతుక్కుని చూస్తుంది. మా కాలంలో ఎలాంటివి వచ్చాయో చూపిద్దామని పోయిన శనివారం 1996 నాటి ‘దెయ్యం’ పెట్టాను. రాంగోపాల్ వర్మది. జేడీ చక్రవర్తి, మహేశ్వరి, జయసుధ ఉంటారు. శ్మశానం పక్కన ఇల్లు కట్టుకున్నవాళ్ళ కథ. అప్పట్లో అది చూసొచ్చాక, చీకటి పడ్డాక పెరట్లోకి వెళ్ళాలంటే నాకు తోడు కావలసి వచ్చేది. మా అమ్మాయేమో సగం దాకా చూసి, “మేకప్ తెలిసిపోతోందమ్మా” అని ఫోన్ తీసుకుంది.

నాకు నిజంగా బాధేసింది. ఆ భయం నా వయసుదా, సినిమాదా? సినిమాదే అయితే కనీసం కొన్నయినా ఇప్పటికీ నిలబడాలి కదా. అలాంటివి చెప్పండి. సీరియల్స్ కూడా. ఈటీవీలో ‘అన్వేషిత’ వచ్చే రోజుల్లో మా వీధిలో ఆ టైముకి ఎవరి తలుపూ తెరిచి ఉండేది కాదు. అచ్యుత్, యమున చేశారు. కథ ముక్కలు ముక్కలుగా తప్ప గుర్తులేదు, ఆ టెన్షన్ మాత్రం బాగా గుర్తుంది. 2002లో అచ్యుత్ పోయారని విన్నప్పుడు ముందుగా గుర్తొచ్చింది ఆ సీరియలే. మొత్తం ఎపిసోడ్లు ఒక్కచోట నాకు దొరకలేదు.

ఒక్కటే మనవి. ఊరికే పేర్లు రాసి వెళ్ళిపోకండి. అందులో ఏది పనిచేస్తుందో చెప్పండి.

ఆపరేటర్ బాబాయ్:
అమ్మా, ముందు ‘రాత్రి’ పెట్టాల్సింది. 1992. అదీ వర్మదే, రేవతి హీరోయిన్. తెలుగులో, హిందీలో ఒకేసారి తీశారు. ఆ రోజుల్లో నేను ఒక చిన్న టౌన్ హాల్లో ప్రొజెక్టర్ ఆపరేటర్‌ని. మా బాక్సులో, అంటే ప్రొజెక్టర్ గదిలో, రెండు మెషీన్లు ఉండేవి. ఒకదాని మీద రీలు నడుస్తుంటే రెండోదానికి తర్వాతి రీలు ఎక్కించుకోవాలి. ఆ మధ్యలో ఖాళీ దొరికితే అద్దం కంతలోంచి కింద జనాన్ని చూసేవాణ్ణి. సినిమా సంగతి జనం మెడల్ని బట్టి తెలిసిపోతుంది.

మామూలు సినిమాకి పాట రాగానే బీడీ కోసం సగం మంది బయటికి లేస్తారు. తలుపు తీసినప్పుడల్లా వెలుగు లోపల పడుతుంది. ‘రాత్రి’లో పాటల్లేవు. లేవడానికి సందు దొరకదు. అలా కూర్చోబెట్టేయడమే ఆ సినిమా చేసిన మొదటి పని. పాటల్లేవని గొణుక్కుంటూ పోయినవాళ్ళూ ఉన్నారు, మా హాల్లో ఎక్కువ రోజులు ఆడనూ లేదు. కానీ సెకండ్ షో వదిలాక సైకిల్ స్టాండు దగ్గర మనుషులు గుంపుగా నిలబడి, ఒకే దారిన పోయేవాళ్ళని చూసుకుని బయల్దేరేవాళ్ళు. ఆ సినిమాకి నేను చూసిన మెచ్చుకోలు అది.

రెండోది శబ్దం. దానికి నేపథ్య సంగీతం మణిశర్మ. ఆయన పెద్ద హీరోల సినిమాలకి రాకముందు సంగతి ఇది. మీరు గమనించండి, భయపెట్టే చోటికంటే ముందు ఆయన చేయి ఆపేస్తాడు. ఖాళీ వదిలేస్తాడు. మా హాల్లో తెర వెనక స్పీకర్లు తప్ప చుట్టూ ఏమీ లేవు. అయినా ఆ ఖాళీలో జనం పక్కకీ వెనక్కీ చూసేవాళ్ళు. ఇవాళ చుట్టూ పది స్పీకర్లు పెట్టి చెవులు బద్దలు కొడుతున్నారు, వెనక్కి తిరిగి చూసేవాడు కనిపించడం లేదు నాకు.

మూడోది కెమెరా. తేజ తీశారు, తర్వాత డైరెక్టర్ అయిన తేజే. మనుషులు లేని వీధుల్లో రేవతి ఒక్కతే నడిచే మొదటి సీను చూడండి, పట్టపగలు! పాడుబడ్డ కోట లేదు, పొగ లేదు. అద్దె ఇల్లు, మధ్యతరగతి సామాన్లు, కారు కింద పడిన పిల్లిపిల్ల. ఇంతే సరుకు. సినిమా హాల్లోనే రేవతి ఉన్నట్టుండి ఒంటరిదైపోయే సీను ఒకటుంది. తెర మీద ఖాళీ కుర్చీలు, తెర ముందు మా జనం. ఆ రీలు తిరిగేటప్పుడు కింద హాల్లో దగ్గు కూడా వినపడేది కాదు.

మీ అమ్మాయికి ఫోనులో చూపించకండి. లైట్లు ఆర్పి, టీవీలో, మధ్యలో ఆపకుండా చూపించండి.

పాత టేపు:
బాబాయ్ గారు చెప్పింది సినిమాకి సరిపోతుంది. టీవీ సంగతి వేరు. నేను వీసీఆర్‌లో రికార్డు చేసిన టేపులు ఇప్పటికీ దాచుకున్నాను, అందుకే కాస్త కటువుగా చెప్తున్నాను. రామ్సే సోదరుల ‘జీ హారర్ షో’ మాత్రం మీ అమ్మాయికి పెట్టకండి. 1993లో మొదలైంది. వాళ్ళు తమ హిందీ దెయ్యం సినిమా ‘పురానా మందిర్’లో వాడిన నీలం లైటు, పొగ, కిర్రుమనే తలుపులే బుల్లితెరకి తెచ్చారు. అప్పటికి ఇళ్ళలో కేబుల్ కొత్త, పెద్దవాళ్ళు పడుకున్నాక దొంగచాటుగా చూడటంలోనే సగం భయం ఉంది. ఆ సగం మీరు మీ పిల్లకి ఇవ్వలేరు. నాకు ప్రాణమైన షోనే అది, అయినా ఇదే చెప్తాను.

‘ఆహట్’ పెట్టండి. సోనీలో 1995లో వచ్చింది. బి.పి. సింగ్‌ది, తర్వాత ‘సీఐడీ’ తీసింది కూడా ఆయనే. తర్వాతి సీజన్లు వదిలేసి మొదట్లోవి చూడండి. వాటిలో కొన్నింట్లో దెయ్యమే ఉండదు, మనిషి చేసిన పాపమే వెంటాడుతుంది. మేకప్ మీద ఆధారపడనివి కాబట్టి పాతబడలేదు.

దూరదర్శన్ ‘విక్రమ్ ఔర్ బేతాళ్’ని దయచేసి భయం లెక్కలో వేయకండి. చందమామలో శంకర్ గీసిన బొమ్మ, ఆ భుజం మీది శవం, దూసిన కత్తి, దానికే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది.

హోసూరు తెలుగు:
మాది హోసూరు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, కన్నడం. అందుకని మీరెవరూ చెప్పనిది నేను చెప్పాలి. సన్ టీవీలో 1990లలో వచ్చిన ‘మర్మదేశం’. బాలచందర్ గారి మిన్‌బింబంగళ్ సంస్థ తీసింది. రచన ఇందిరా సౌందర్‌రాజన్. అందులో ‘విడాదు కరుప్పు’ అనే భాగం నాగా డైరెక్ట్ చేశారు, చేతన్ నటించారు.

ఊళ్ళో తప్పు చేసినవాళ్ళు ఒక్కొక్కరే చనిపోతుంటారు. కాపలా దేవుడు కరుప్పుస్వామే గుర్రమెక్కి వచ్చి చంపుతున్నాడని ఊరంతా నమ్ముతుంది. నమ్మని డాక్టరమ్మ ఒకరు ఉంటారు. నిజంగా దేవుడా, మనిషా? అంతకంటే చెప్పను. దెయ్యమంటే కొంతమందికి నమ్మకం ఉండదు కదా, కానీ మన పొలిమేరలో పోతురాజుకి దండం పెట్టకుండా దాటేవాళ్ళు ఎంతమంది? ఇక్కడ భయం, భక్తి ఒకే చోట ఉంటాయి. మా నాయనమ్మ ఆ సీరియల్ మొదలవుతుంటే కాళ్ళు కిందికి దింపి కూర్చునేది, దేవుడొచ్చేటప్పుడు కాళ్ళు చాపకూడదని. సీరియల్ ఒకటి నిజమైన దేవుడి ముందు కూర్చున్నంత జాగ్రత్తగా చూడటం నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

మేకప్ తెలిసిపోతుందన్న బాధ అందులో ఉండదు. గుర్రపు డెక్కల చప్పుడు, ఊరి జనం ముఖాలు, అంతే.

గోదారిగట్టు:
అందరికీ చాలా థాంక్సండీ. బాబాయ్ గారూ, నిన్న రాత్రి లైట్లార్పి ‘రాత్రి’ పెట్టాను. ఫోన్లు రెండూ వంటింట్లో పెట్టేశాం. రేవతి ఖాళీ వీధిలో నడుస్తున్నప్పుడు మా అమ్మాయి “ఏం జరగట్లేదేంటమ్మా” అంది, కానీ కళ్ళు తిప్పలేదు. హాలు సీను దగ్గర దిండు లాక్కుని ఒళ్ళో పెట్టుకుంది. చివర్లో తాంత్రికుడిగా ఓంపురి వచ్చాక కాస్త తేలికపడింది. వివరణ మొదలైతే భయం తగ్గుతుందని అదే అంది, నాకూ నిజమే అనిపించింది. మొదటి గంటకి మాత్రం సాటి లేదు.

నాకు జవాబు దొరికినట్టే. ‘దెయ్యం’లో నేను భయపడ్డది ముఖాల్ని చూసి కాదు, శ్మశానం గోడకీ వాళ్ళ వంటింటికీ మధ్య దూరం లేకపోవడం చూసి. మా ఇల్లూ అప్పుడు చెరువుగట్టు శ్మశానానికి దగ్గర్లోనే ఉండేది. అపార్ట్‌మెంటులో పుట్టిన పిల్లకి అది ఎలా తెలుస్తుంది? తనకి తెలిసిన సినిమా హాలే తనని పట్టుకుంది.

పాత టేపు గారూ, ‘ఆహట్’ తర్వాత చూస్తాం. ముందు ‘విడాదు కరుప్పు’. మా ఇద్దరికీ తమిళం రాదు. హోసూరు గారూ, ఎలాగండీ?

హోసూరు తెలుగు:
మాటలు సగానికి పైగా పల్లె తమిళం, సబ్‌టైటిల్స్‌తో కూడా పూర్తిగా అందదు. ఎపిసోడ్ చూసి అర్థం కానిది ఇక్కడే అడగండి, నేను రాస్తాను. ముందుకి ఏం జరుగుతుందో మాత్రం అడగొద్దు.